గో పక్కన వెంట్ ఎందుకుంది?

తెలుగు మీడియం బళ్ళో చదివినవాళ్ళకి ఒక మూడు గళ్ళ పట్టిక జీవితాంతం గుర్తుంటుంది. కమ్ - కేమ్ - కమ్, టేక్ - టుక్ - టేకెన్, గో - వెంట్ - గాన్. ఎక్కాలతో పాటే ఇవీ వల్లె వేయించేవారు. ఎక్కాల సంగతి నయం, ఏడేళ్ళు నలభై తొమ్మిది ఎందుకయిందో చింతపిక్కలు పేర్చి చూసుకోవచ్చు. గో పక్కన వెంట్ ఎందుకొచ్చిందో మాత్రం చాలామంది మాస్టార్లు చెప్పిన పాపాన పోలేదు. "అదంతేరా, గుర్తుపెట్టుకో" అని తర్వాతి లైనుకి వెళ్ళిపోయేవారు.

ఆ పట్టికలో మిగతావాటిని చూడండి. కమ్, కేమ్‌లలో అటూ ఇటూ హల్లులు అవే ఉన్నాయి, మధ్యలో అచ్చు మారింది. టేక్, టుక్ కూడా అంతే. అన్నదమ్ముల పోలికలు కనిపిస్తూనే ఉంటాయి. గో, వెంట్‌ల మధ్య ఒక్క అక్షరం కూడా కలవదు. దానికి కారణం చాలా సింపుల్. వాళ్ళిద్దరూ అన్నదమ్ములు కారు. వెంట్ వేరే ఇంట్లో పుట్టి, గో ఇంటికి దత్తత వచ్చింది. ఈ టపా ఆ దత్తత గురించి. దానితో పాటు, ఆ దత్తత వల్ల మనవాళ్ళు ఇంటర్వ్యూల్లో పడే పాట్ల గురించి కూడా.

సుమారు వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో వెళ్ళడాన్ని 'గాన్' అనేవారు. ఇప్పటి మూడో గడిలోని గాన్ కాదు, ఇది అసలు క్రియ. దాని భూతకాలం 'ఏఒదె'. ఇక్కడే గమ్మత్తు ఉంది. గాన్‌కీ ఏఒదెకీ కూడా చుట్టరికం లేదు! అంటే మనకి రాతల్లో దొరికిన పాత ఇంగ్లీషు నాటికే ఈ క్రియకి సొంత భూతకాలం లేదు, అరువు తెచ్చుకున్నదే వాడుతోంది. పక్కింటి జర్మను భాష కూడా 'గేయెన్' అనే క్రియకి 'గింగ్' అనే భూతకాలాన్ని దగ్గర బంధువైన ఇంకో క్రియ నుంచే తెచ్చుకుంది. ఆ బంధువు ఇంగ్లీషులోనూ ఉండేది. క్రియగా స్కాట్లండులో మిగిలింది, నామవాచకంగా మనందరికీ తెలుసు: గ్యాంగ్. మొదట్లో గ్యాంగ్ అంటే నడక, ప్రయాణం అనే అర్థమే. కలిసి పనిచేసే గుంపు, తర్వాత రౌడీల గుంపు అనేవి తర్వాత వచ్చిన అర్థాలు.

ఇంకోపక్క, అదే ఊళ్ళో 'వెండన్' అని ఇంకో క్రియ ఉండేది. దాని అర్థం తిప్పడం. చుట్టుకోవడం, తిరగడం అనే అర్థమున్న 'విండన్' దీనికి తల్లి. గడియారానికి కీ ఇవ్వడాన్ని ఇంగ్లీషులో వైండ్ అంటాం చూడండి, అదే. ఈ రెండిటి సంబంధం తెలుగువాడికి చిటికెలో అర్థమవుతుంది. మనకి 'తిరుగు' నుంచి 'తిప్పు' వచ్చినట్టే వాళ్ళకి విండన్ నుంచి వెండన్ వచ్చింది. తిప్పడం నుంచి వెళ్ళడానికి ఎలా మారిందంటారా? మనం మాత్రం "దేశాలు తిరిగాడు", "ఇంటికి మళ్ళాడు" అనట్లేదా? ఒళ్ళు ఒకవైపుకి తిప్పుకుని బయల్దేరాడంటే వెళ్ళాడనే కదా. అలా వెండన్ కూడా వెళ్ళడానికి ఇంకో మాటయింది. కాలక్రమంలో అది 'వెండ్' అయింది.

మరి వెండ్‌కి భూతకాలం ఏమిటి? ఆ కుటుంబాన్ని వరసగా చెప్పుకోండి. సెండ్ - సెంట్, లెండ్ - లెంట్, స్పెండ్ - స్పెంట్, బెండ్ - బెంట్. వెండ్ - వెంట్! పట్టికలో అన్నిటికంటే వింతగా కనిపించే మాట తన పుట్టింట్లో ఎంత బుద్ధిమంతురాలో చూశారా. దానిలో అసహజం ఏమీ లేదు, దాన్ని తెచ్చి గో పక్కన కూర్చోబెట్టడమే అసహజం.

ఆ కూర్చోబెట్టడం ఒక్కరోజులో జరగలేదు. 1400లో చనిపోయిన చాసర్ కవిత్వంలో ఏఒదె వారసురాలైన 'యేడ్' ఉంది, వెంట్ కూడా ఉంది. కొన్నాళ్ళు రెండూ పక్కపక్కనే నడిచాయి. 15వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండులో వెంట్ పూర్తిగా గో భూతకాలంగా స్థిరపడింది. లండన్ ఆ వైపు ఉంది, దస్తావేజులూ ఆ వైపు ఉన్నాయి, కొత్తగా వచ్చిన అచ్చుయంత్రమూ అక్కడే ఉంది. కాబట్టి అదే అందరి ఇంగ్లీషు అయింది.

ఉత్తరాన, స్కాట్లండులో మాత్రం వేరే దారి తొక్కారు. పాత భూతకాలం అరిగిపోయినప్పుడు వాళ్ళు పక్కింటికి పోలేదు. గో అనే అర్థమున్న తమ 'గే'కి ఒక డకారం తగిలించి 'గేడ్' అన్నారు. 18వ శతాబ్దపు కవి రాబర్ట్ బర్న్స్ పాటల్లో అది హాయిగా కనిపిస్తుంది. అంటే చిన్నపిల్లలు 'గోడ్' అన్నప్పుడు మనం నవ్వుతామే, ఆ పద్ధతిలోనే ఒక దేశం వందల ఏళ్ళు మాట్లాడింది. చరిత్రలో రాజధాని ఎడిన్‌బరోకి మారి ఉంటే, మన పట్టికలో ఆ లైను ఎలా ఉండేదో ఊహించుకోండి.

యేడ్ గతేమైంది? జనం నోట్లోంచి పోయి కవుల పెట్టెలో చేరింది. 1590లో 'ఫేరీ క్వీన్' కావ్యం అచ్చువేసిన ఎడ్మండ్ స్పెన్సర్‌కి పాతమాటలంటే ప్రాణం. ఆయన యేడ్‌ని తవ్వి తీశాడు గానీ, అది భూతకాలమన్న సంగతి మర్చిపోయి, 'వెళ్ళు' అనే మూల క్రియగా వాడేశాడు. అంతటి మహాకవికే ఈ క్రియ కాలం తికమకపెట్టింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక కూతుర్ని దత్తత ఇచ్చిన వెండ్ ఇల్లు బోసిపోయింది. ఎక్కడో ఒకటీ అరా చోట్ల, మెల్లగా దారి పట్టి వెళ్ళడమన్న అర్థంలో మిగిలింది. భూతకాలం కావలసి వచ్చి 'వెండెడ్' అని కొత్తది చేయించుకుంది. మన భాషలో చెప్పాలంటే, ఒక మాడ్యూల్‌లోంచి ఫంక్షన్‌ని ఎత్తుకెళ్ళి ఇంకో మాడ్యూల్‌లో పెట్టేశారు. పాత మాడ్యూల్ వాళ్ళు డిఫాల్టుతో సర్దుకుంటున్నారు. ఎందుకు మార్చారో కామెంటు రాసినవాడు లేడు. కానీ ప్రపంచంలో సగం కోడు దానిమీద ఆధారపడి ఉంది, ఇప్పుడెవడు ముట్టుకుంటాడు?

ఇది ఇంగ్లీషు వాళ్ళ తిక్క అనుకునేరు. ఫ్రెంచిలో 'వెళ్తాను' అనడానికి వర్తమానంలో ఒక లాటిన్ ధాతువు, భవిష్యత్తులో ఇంకో లాటిన్ ధాతువు. స్పానిష్‌లో 'ఫుయి' అంటే 'వెళ్ళాను' అనీ, 'అయ్యాను, ఉన్నాను' అనీ రెండర్థాలు. రెండు క్రియలు ఒకే భూతకాలాన్ని పంచుకుంటున్నాయి. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాల్సిందే.

అంత దూరం ఎందుకు, సంస్కృతం చూద్దాం. చూస్తున్నాడు అంటే 'పశ్యతి'. చూడటం మాత్రం 'దర్శనం'. ధాతువు 'దృశ్' అయితే పశ్యతి ఎక్కడిది? అది వేరే ధాతువు, దృశ్‌కి వర్తమానంలో ప్రాక్సీ. సుమారు 2400 ఏళ్ళ కిందటి పాణిని దీన్ని ఎలా సర్దాడో తెలిస్తే ప్రోగ్రామర్లు దండం పెడతారు. అష్టాధ్యాయి ఏడో అధ్యాయం మూడో పాదంలో 78వ సూత్రం ఉంది. అందులో ముందు 11 ధాతువుల జాబితా, తర్వాత వాటి స్థానంలో రావలసిన 11 రూపాల జాబితా. దృశ్‌కి పశ్య, స్థా ధాతువుకి తిష్ఠ, ఇలా. దేనికి ఏదో విడిగా చెప్పలేదు. ఎందుకంటే రెండు జాబితాలు సమానంగా ఉంటే మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది అని జతపరచుకోవాలని మొదటి అధ్యాయంలోనే ఇంకో సూత్రం రాసి పెట్టుకున్నాడు. అచ్చంగా రెండు ఎరేలు, ఒకే ఇండెక్స్! సూత్రానికి లొంగనివాటిని కూడా సిగ్గుపడకుండా టేబుల్‌లో పెట్టి, సిస్టంలో భాగం చేశాడు.

తెలుగులో లేదా అంటే, ఉంది. సారీ, 'ఉంది' అన్నదే ఉదాహరణ. ఉందికి వ్యతిరేకం ఏమిటి? 'లేదు'. ఉన్నాడు, లేడు. ఒక్క ధాతువు కాదు. తెలుగు నేర్చుకునే బయటివాడికి అది మన గో - వెంట్ లాంటిదే. 'రా', 'వచ్చాడు' కూడా అలాగే అనిపిస్తాయి గానీ, వాటి మూలం ఒకటేనని ద్రావిడ భాషాశాస్త్రం చెబుతుంది. తమిళంలో 'వరు' ఉంది కదా, ఆ వకారం, రేఫల మధ్య అచ్చు జరిగిపోయి, వకారం రాలిపోతే మన 'రా' మిగిలింది. అంటే అవి నిజమైన అన్నదమ్ములే, కాకపోతే గుర్తుపట్టలేనంతగా మొహాలు మారాయి.

ఈ తిక్కలన్నీ వెళ్ళు, ఉండు, చూడు, మంచి, చెడు లాంటి నిత్యం వాడే మాటల్లోనే ఎందుకుంటాయి? ఏ 'ఫోటోకాపీ' లాంటి క్రియకో ఎందుకుండదు? 2007లో ఎరెజ్ లీబర్‌మన్, మార్టిన్ నోవాక్ తదితరులు 'నేచర్' పత్రికలో దీనిమీద ఒక చక్కటి పేపర్ రాశారు. పాత ఇంగ్లీషు నుంచి 177 అపక్రమ క్రియలు తీసుకుని వాటిని వెంబడించారు. మధ్యయుగపు ఇంగ్లీషుకొచ్చేసరికి 145 మిగిలాయి. ఇప్పటికి 98. మిగతావన్నీ 'ఎడ్' తగిలించుకుని దారికొచ్చేశాయి. ఉదాహరణకి హెల్ప్‌కి ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాలం ఉండేది. ఇప్పుడది హెల్ప్‌డ్.

ఏవి దారికొస్తాయి, ఏవి రావు? వాడుకని బట్టి. వాళ్ళ లెక్క ప్రకారం వాడుక 100 రెట్లు తక్కువైతే, దారికి రావడం 10 రెట్లు వేగంగా జరుగుతుంది. ఇంగ్లీషు మొత్తం క్రియల్లో అపక్రమమైనవి 3 శాతం కూడా లేవు, కానీ అన్నిటికంటే ఎక్కువగా వాడే పది క్రియలూ అపక్రమమైనవే. మనకి తెలిసిన సంగతే ఇది. మాటిమాటికీ పిలిచేది క్యాష్‌లో ఉంటుంది. అరుదుగా పిలిచేది క్యాష్‌లోంచి జారిపోతుంది, అప్పుడు డిఫాల్టు ఫంక్షన్ నడుస్తుంది. 'ఎడ్' ఆ డిఫాల్టు ఫంక్షన్. వెంట్ ఇప్పట్లో ఎక్కడికీ పోదు, ఎందుకంటే దాన్ని మర్చిపోయేంత ఖాళీ ఎవరికీ దొరకదు.

పిల్లల నోట్లో ఇదే చరిత్ర తిరిగి నడుస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పసివాడు మొదట వెంట్ అనే అంటాడు, విన్నది విన్నట్టు. కొన్నాళ్ళకి 'ఎడ్' సూత్రం పట్టుబడుతుంది. అప్పుడు మధ్యమధ్యలో 'గోడ్' అంటాడు. తర్వాత మళ్ళీ వెంట్‌కి వస్తాడు. 1958లో జీన్ బెర్కో పిల్లలకి ఎప్పుడూ వినని కల్పిత పదాలిచ్చి పరీక్షించింది. 'రిక్' అనే లేని క్రియకి వాళ్ళు 'రిక్‌డ్' అని టక్కున చెప్పారు. అంటే బట్టీ మాత్రమే కాదు, లోపల ఏదో సూత్రం నడుస్తోందన్నమాట. పిల్లల సంభాషణల రికార్డులు జల్లెడ పట్టి 1992లో వేసిన లెక్క ప్రకారం ఇలాంటి తప్పులు మధ్యస్థంగా 2.5 శాతమే. కానీ ఆ రెండున్నర శాతం మీద శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు కొట్టుకున్నారు.

ఆ కొట్లాట మన ఫీల్డుకి సొంత చరిత్ర. 1986లో డేవిడ్ రూమెల్‌హార్ట్, జేమ్స్ మెక్లెలండ్ ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేశారు. పని ఒకటే: క్రియ ఇస్తే భూతకాలం చెప్పాలి. అందులో సూత్రాలూ లేవు, అపవాదాల పట్టికా లేదు. బరువులు, కలుపులు, అంతే. ముందు బాగా వాడుకలో ఉన్న 10 క్రియలు నేర్పారు, అందులో గో ఉంది. తర్వాత ఇంకో 410 కలిపారు. నెట్‌వర్క్ పసిపిల్లల్లాగే మొదట సరిగ్గా చెప్పి, మధ్యలో తప్పి, మళ్ళీ దారిలో పడింది. "మెదడులో సూత్రాలు అక్కర్లేదు" అన్నారు వాళ్ళు.

రెండేళ్ళలో స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ విరుచుకుపడ్డారు. మధ్యలో తప్పడం అనేది మీరు 10 నుంచి ఒక్కసారిగా 420కి పెంచడం వల్ల వచ్చింది గానీ, పిల్లలకి ఎవరూ పదాలని అలా లోడ్ చెయ్యరన్నారు. పైగా ఆ నెట్‌వర్క్ 'మెయిల్'కి భూతకాలం 'మెంబుల్డ్' అని చెప్పింది. ఏ పిల్లాడైనా అలా అంటాడా? వాళ్ళ వాదన ఏమిటంటే మెదడులో రెండు యంత్రాలున్నాయి. వెంట్ లాంటివి జ్ఞాపకంలోంచి వస్తాయి, మిగతావి సూత్రంలోంచి వస్తాయి. జ్ఞాపకంలో దొరికితే సూత్రం ఆగిపోతుంది. దొరక్కపోతే 'గోడ్'. చరిత్ర చూస్తే అప్పట్లో వాళ్ళే గెలిచినట్టు కనిపించింది.

తర్వాత సంగతి మీకు తెలుసు. అదే 1986లో రూమెల్‌హార్ట్, జెఫ్రీ హింటన్, రోనాల్డ్ విలియమ్స్ బ్యాక్‌ప్రాపగేషన్ మీద 'నేచర్'లో రాసిన పేపర్ తర్వాతి రోజుల్లో డీప్ లెర్నింగ్‌కి పునాదుల్లో ఒకటయింది. హింటన్‌కి 2024లో ఫిజిక్స్ నోబెల్ కూడా వచ్చింది. 2018లో కిరోవ్, కాటరెల్ అనే ఇద్దరు ఆధునిక నెట్‌వర్క్‌లతో పాత పరీక్షని మళ్ళీ పెట్టి, పింకర్, ప్రిన్స్ ఎత్తిచూపిన లోపాల్లో చాలావరకు ఇప్పుడు లేవన్నారు. ఇవాళ మనందరం వాడుతున్న లాంగ్వేజ్ మోడల్స్‌లో గో పక్కన వెంట్ అని పట్టిక రాసి పెట్టినవాళ్ళెవరూ లేరు. అయినా తప్పు లేకుండా వెంట్ అంటాయి. అయితే అవి పిల్లల్లాగే నేర్చుకున్నాయా అన్నది వేరే ప్రశ్న. అన్నేసి కోట్ల మాటలు ఏ పిల్లాడూ వినడు. అందుకే ఆ కొట్లాట ఇంకా పూర్తిగా చల్లారలేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం.

"డిడ్ యూ వెంట్?" ఈ మూడు ముక్కలు విని నవ్వని ఇంగ్లీషు మీడియంవాడు మన ఆఫీసుల్లో అరుదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒక కుర్రాడు జాయిన్ అల్గారిథమ్ శుభ్రంగా చెప్పి, మధ్యలో "ఐ డిడ్ నాట్ వెంట్" అన్నాడంటే, ఫీడ్‌బ్యాక్ ఫారంలో "కమ్యూనికేషన్ వీక్" అని పడిపోతుంది. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులన్నీ ఈ భయం మీదే నిలబడ్డాయి.

ఆ కుర్రాడి తప్పు ఏమిటో విప్పి చూద్దాం. అడుగుతున్నది గడిచిపోయిన సంగతి, కాబట్టి రెండో గడిలోని మాట వాడాడు. తర్కం తప్పలేదు. అయితే ఇంగ్లీషులో ప్రశ్న అడిగేటప్పుడు భూతకాలాన్ని 'డిడ్' ఎత్తుకుంటుంది, క్రియ మళ్ళీ మొదటి గడిలోకి వెళ్ళిపోవాలి. మరి ఈ డిడ్ ఎప్పటిది? అది కూడా తర్వాత వచ్చిందే. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు క్రియని ముందుకి జరిపి "వెంట్ హీ?" తరహాలో అడిగేవారు. ప్రశ్నల్లో డిడ్ పెత్తనం 16వ శతాబ్దంలో పెరిగి, 1700 నాటికి దాదాపు స్థిరపడింది. అంటే 15వ శతాబ్దంలో జరిగిన ఒక దత్తత, 16వ శతాబ్దంలో జరిగిన ఒక రీఫ్యాక్టరింగ్, ఈ రెండూ కలిసే చోట ఉన్న గోతిలో మనవాడు పడ్డాడు. ఆ గోతిని తెలివితక్కువతనం తవ్వలేదు, చరిత్ర తవ్వింది.

ఇంకోటి. అమెరికాలో, స్కాట్లండులో పుట్టి పెరిగినవాళ్ళు "ఐ షుడ్ హావ్ వెంట్" అనడం కాల్స్‌లో మీరూ వినే ఉంటారు. గ్రామరు పుస్తకం ప్రకారం అక్కడ మూడో గడి రావాలి. కానీ ఆ మాట అన్నవాడి ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎవరూ ఏమీ రాయరు. వాడిది యాస, మనవాడిది తప్పు. పట్టిక ఒకటే, జరిమానా మాత్రం మనిషిని బట్టి.

అలాగని గ్రామరు అక్కర్లేదని నేననను. క్లయింటుకి పంపే మెయిల్లో "డిడ్ యూ గో" అనే రాయాలి, నేర్చుకోవాలి, నేర్పాలి కూడా. ఇంటర్‌ఫేస్ ఎంత వంకరగా ఉన్నా దానికి తగ్గట్టు కాల్ చెయ్యడం మన వృత్తి ధర్మం. కానీ ఆ వంకర తెలిసినవాడు తెలివైనవాడనీ, తెలియనివాడు మొద్దనీ అనుకోవడం మాత్రం చరిత్ర తెలియకపోవడమే. స్పెన్సర్ అంతటివాడు యేడ్ విషయంలో తడబడ్డాడు, ఆయన్ని ఎవరూ కమ్యూనికేషన్ వీక్ అనలేదు.

మీరు ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునే స్థాయిలో ఉంటే ఒక చిన్న పని చెయ్యండి. ఎదుటివాడు "డిడ్ వెంట్" అంటే ఆ వాక్యాన్ని మనసులో సరిచేసుకుని, అతను చెప్పే జవాబు వినండి. కావలిస్తే ఉద్యోగం ఇచ్చాక, టీ తాగుతూ, వెంట్ ఎవరింటి పిల్లో చెప్పండి. కారణం తెలిసినది బట్టీ పట్టినదానికంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.